గిర్దావరు నొప్పికి మైసన్న పన్ను

మైసన్న ఎడమ దవడలో, కింది వరుసలో, రాయిలాంటి పన్ను ఒకటి ఉండేది. దానికి పుచ్చు లేదు, కదలిక లేదు, నొప్పి లేదు. ఎండిన జొన్నరొట్టె అంచును కూడా చెరుకు ముక్కలా కొరికేసే పన్ను. దాన్ని పట్టపగలు, పదిమంది ముందు, ఎల్లారెడ్డి అంగట్లో పీకేశారు. ఎందుకంటే గిర్దావరుకు పన్ను నొప్పి.

అచ్చుతప్పు అనుకోకండి. నొప్పి శిస్తు లెక్కలు చూసే సర్కారు గిర్దావరుది, పోయిన పన్ను ఆయన మూటలు మోసే మైసన్నది. ఆ పూట మైసన్న నొచ్చిందని అనలేదు. కానీ ఆ తర్వాత ఎనిమిదేళ్లలో ఆ పన్ను గురించి మాట్లాడకుండా ఆయన గడిపిన రోజు ఒక్కటి కూడా నాకు తెలియదు. మైసన్న అంటే అదే. ఎదురుపడినవాళ్లు మర్యాదకు "మంచిగున్నవా మైసన్నా" అన్నారో, వాళ్ల పని అయిపోయినట్టే. నెత్తిమీది మూట దించుకుని, తలగుడ్డ విప్పి, ముక్కు తుడుచుకుని, గిర్దావరుకు పన్ను నొప్పి లేచిన ఉదయం నుంచి మొదలుపెట్టేవాడు. సగంలో ఆపి పోతామంటే వీల్లేదు. సగంలో మాట అడిగితే మళ్లీ మొదటికి వచ్చేవాడు.

ముందు ఆ గిర్దావరు సంగతి చెప్పాలి. కామారెడ్డి టేషన్లో రైలు దిగిన ప్రతి అధికారి పెట్టె, పరుపు, హుక్కా, వంటపాత్రలు ఎల్లారెడ్డి దాకా మైసన్న వంటివాళ్ల నెత్తిమీదనే పోవాలి. ఇరవై మైళ్లు దాటిన తోవ. కూలి ఉండదు. వెట్టి. ఆ అధికారుల్లోనూ ఈ గిర్దావరు ఒక ప్రత్యేకమైన జాగ్రత్తపరుడు. నమూనా చూడనిదే ఏ పనీ చేయడు. వాగు దాటాలంటే ముందు మైసన్న దిగాలి. నీళ్లు మోకాలిదాకా వస్తే గిర్దావరు దిగుతాడు, మెడదాకా వస్తే మైసన్న వెనక్కి వచ్చి వేరే చోట దిగాలి. బంగళా కప్పు కురుస్తుందేమోనని వానలో మైసన్నను లోపల గంటసేపు నిలబెట్టి, ఆయన ఎంత తడిశాడో పిండి చూసేవాడు. కొత్త గుర్రం వస్తే మైసన్నే ముందు ఎక్కాలి. మిగతా రోజుల్లో గుర్రం ముందు చెప్పులేసుకుని నడిస్తే తప్పు. ఆ రోజు మాత్రం గుర్రం ఎక్కకపోతే తప్పు.

అటువంటి మనిషికి పన్ను నొప్పి వచ్చింది. అంగట్లో లక్ష్మీరాజం గోనెపట్ట పరుచుకుని పండ్లు పీకేవాడు. పక్కన ఒక పట్కారు, ఒక ఉప్పు డబ్బా, అప్పటిదాకా పీకిన పండ్లన్నీ దారానికి గుచ్చిన దండ. ఆ దండ చూడగానే గిర్దావరు నొప్పి సగం తగ్గిందట. మిగతా సగం కోసం కూర్చున్నాడు.

"నొస్తదా?" అని అడిగాడు.

"నొయ్యది సాబ్. చీమ కుట్టినట్టు ఉంటది" అన్నాడు లక్ష్మీరాజం.

"చీమ కుట్టినా నొస్తది గదా. ముందుగాల ఒకటి పీకి చూపెట్టు."

"ఎవలది సాబ్?"

గిర్దావరు తల కూడా తిప్పలేదు. "మైసిగా, ఇటు రా" అన్నాడు.

లక్ష్మీరాజం మైసన్న నోరు తెరిపించి, వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివర దాకా తడిమి చూశాడు. "సాబ్, ఈయనకు చెడిపోయిన పన్ను ఒక్కటి లేదు. ఏది పీకాలె?"

"మంచిదే పీకు. చెడిపోయింది ఎవడు గుంజినా వస్తది. మంచిది పీకితెనే నీ పనితనం తెలుస్తది."

సర్కారీ కొలువులో ఉన్నవాడు తప్ప ఇంకెవరూ ఇంత చక్కగా ఆలోచించలేరు. లక్ష్మీరాజం చేసేది లేక మోకాలు మైసన్న ఛాతీ మీద ఆనించి లాగాడు. మొదటిసారి పన్ను రాలేదు, మైసన్నే లేచి వచ్చాడు. ఇద్దరిని పిలిచి భుజాలు పట్టించి మళ్లీ లాగితే టప్‌మని చప్పుడు వినబడింది. పన్ను పైభాగం పట్కారులోకి వచ్చింది. వేరు ముక్క లోపలే ఉండిపోయిందని అప్పటికి ఎవరికీ తెలియదు.

"నొచ్చిందా?" అని గిర్దావరు అడిగాడు.

మైసన్న నోటినిండా నెత్తురు. మింగాడు. "లేదు దొరా" అన్నాడు.

గిర్దావరు ధైర్యంగా నోరు తెరిచాడు. తర్వాత ఆయన పెట్టిన కేకకు అంగట్లో ఎడ్లు పలుపులు తెంపుకున్నాయి. మేకల బేరాలు చేతిగుడ్డల కిందనే ఆగిపోయాయి. కచేరీలో కునుకు తీస్తున్న జవాను ఎవరో పెద్దసాబు వచ్చాడనుకుని లేచి గోడకు సలాం కొట్టాడని ఎల్లారెడ్డిలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"ఝూటా, నొయ్యలేదంటివి గదరా" అన్నాడు గిర్దావరు నోట్లో గుడ్డ కుక్కుకుని.

"నన్ను అడిగితె నాది చెప్పిన దొరా. తమరిది నాకేం ఎరుక" అన్నాడు మైసన్న.

ఇది జరిగినప్పుడు నేను అక్కడ లేను. అయినా ఉన్నవాడికంటే నాకే ఎక్కువ తెలుసు. కామారెడ్డిలో టేషను దగ్గర మా ఇల్లు. నేను బడి చెప్పేవాణ్ణి, చదువు రానివాళ్లకు అర్జీలు రాసిపెట్టేవాణ్ణి. మూట దించి తిరుగుదారి పట్టేముందు మైసన్న మా అరుగు మీద కాసేపు కూర్చునేవాడు. ఆ కాసేపు ఎంతసేపో మా ఇంట్లో పొయ్యిమీద మాడిన అన్నాలకు తెలుసు.

"మొదటి దినం నెత్తురు కారింది పంతులూ" అని మొదలుపెట్టేవాడు. "రెండో దినం ఏం లేకుండె. గెలిచిన అనుకున్న. ఇగ మూడో దినం చూడు." అంటూ వేలు తెచ్చి నా దవడ మీద ఆనించేవాడు. నొప్పి మాటల్లో చెబితే అర్థం కాదని ఆయన నమ్మకం. చోటు చూపించాలి. "గీడ మొదలైంది. గీడికెల్లి చెవ్వుకు పోయింది. చెవ్వుకెల్లి కణతకు ఎక్కింది. కణత మీద జాగ లేక మల్ల మెడలకు దిగింది. ఒక్క పన్ను పోయినకాడ అన్ని పండ్లు నొచ్చినయి. పోయిన పన్ను గూడ నొచ్చింది."

"పోయిన పన్ను ఎట్ల నొస్తది మైసన్నా?" అని ఒకసారి నోరు జారాను.

ఆయన నన్ను జాలిగా చూశాడు. "నీకు నడుమల చెప్తె తెల్వది పంతులూ. గిర్దావరు సాబుకు పన్ను నొప్పి లేచింది. ఏ దినం అంటె..."

ఆ రోజు బడి లేదు.

నవ్వుతూ చెబుతున్నాను గాని ఆ మూడో దినం నిజంగా మూడు నెలలు నడిచింది. దవడ వాచి కన్ను మూసుకుపోయింది. నోరు రెండు వేళ్ల సందుకంటే తెరుచుకోలేదు. కింది పెదవి ఒక పక్క మొద్దుబారింది. ఆయన భార్య ఈరవ్వ లవంగం పెట్టింది, వాము పెట్టింది, పొగాకు నానబెట్టి పెట్టింది, ఉప్పు వేడిచేసి కాపడం పెట్టింది. దారిన పోయే ప్రతివాడూ ఒక వైద్యం చెప్పేవాడు, ఈరవ్వ అన్నీ చేసేది. అంబలి పోస్తే లోపలికి పోయేది తక్కువ, గదవ మీదుగా కారేది ఎక్కువ. అయినా ఒక్క పూట మూట తప్పలేదు. వాచిన దవడతో ఆయన గిర్దావరు పరుపు మోస్తుంటే, దవడ నయమైన గిర్దావరు వెనక బండిలో బత్తీస మిఠాయి నములుతూ వచ్చేవాడట.

ఈరవ్వ నోరు కూడా చిన్నది కాదు. ఒకసారి మా ఇంటికి వచ్చినప్పుడు నా భార్యతో అన్నది: "బుక్క పెడుదమంటె నోరు తెరువరాదక్కా. ముచ్చట మొదలుపెడితె మాత్రం దర్వాజ తెరిచినట్టే. ఆ లక్ష్మీరాజానికి పన్నేడున్నదో తెలిసింది గని నాలుకేడున్నదో తెల్వకపాయె."

"నాలుక పీకుమని గిర్దావరు సాబు చెప్పలే" అన్నాడు మైసన్న అరుగు మీది నుంచి.

నాలుగో నెలలో కామారెడ్డి దవఖానలో స్వామిదాసు అనే కాంపౌండరు ఆయన దవడ చూశాడు. చీము తీసి, చిమ్టాతో వెతికి, మిగిలిపోయిన వేరునూ, గోరంత ఎముక పెచ్చునూ బయటికి లాగాడు. లాగి కోప్పడ్డాడు.

"ఇన్ని దినాలు ఏం చేసినవ్ మైసన్నా? ఎప్పుడో రావద్దా?"

"రాకేంది స్వామిదాసూ. దినం తప్పి దినం గీ దవఖాన ముందటికెల్లే పోతున్న. నెత్తిమీద మూట ఉండె. దించుమని ఎవ్వరు అనలే."

వాపు తగ్గింది, నోరు తెరుచుకుంది. పెదవికి మాత్రం స్పర్శ పూర్తిగా రాలేదు. చల్లగాలికి దవడ ఇప్పటికీ లాగుతుందంటాడు. నోరు తెరుచుకున్న తర్వాత ఆ దారిన ఎవరికీ నిద్ర లేదు. కామారెడ్డి నుంచి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి దాకా మైసన్న కనబడితే చాలు, పెద్దమనుషులు దవడ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని నడిచేవారు. పటేలు ఎదురుపడబోయి బండిని చేలోకి దింపి చక్రం విరగ్గొట్టుకున్నాడు. టేషను బాబు ఆయన చేత ఒకసారి మూడో దినం దాకా విని, గూడ్సుబండికి జెండా ఊపడం మరిచాడని చెబుతారు. స్వామిదాసయితే ప్రార్థనలో కళ్లు మూసుకున్నప్పుడు కూడా ఎడమ చెయ్యి దవడ మీదనే ఉంచేవాడు. నేనూ తక్కువ తినలేదు. కిటికీలోంచి మైసన్న తలగుడ్డ కనబడితే పెరటి తలుపు తీసుకుని పోయేవాణ్ణి. ఎన్నిసార్లు విన్నా నేను విన్నది మహా అయితే స్వామిదాసు చిమ్టా దాకా. ఆ తర్వాత ఇంకా ఏదో ఉందని తెలుసు. ఉండనీ అనుకునేవాణ్ణి.

ఆయన నన్ను అడిగింది ఒకే ఒక్కటి. "నా పన్ను రాయి పంతులూ. కాయితం మీద పెట్టి పెద్దసాబుకు పంపు."

"పన్ను సంగతి ఎవరు చదువుతరు మైసన్నా? భూమి సంగతి చెప్పు. కొట్టిన సంగతి చెప్పు. అవి రాస్త."

"భూమి నాకు లేదు. దెబ్బలు అందరికి ఉన్నయి. పన్ను నాదొక్కనిదే."

నేను రాయలేదు. అర్జీ అంటే పెద్ద విషయం ఉండాలని ఆ రోజుల్లో నా అభిప్రాయం. ఎవరైనా నవ్వుతారేమోనని భయం కూడా. ఆయన ఎనిమిదేళ్లు అడుగుతూనే ఉన్నాడు.

పోయిన ఏడాది వెట్టి సంగతి విచారించడానికి పట్నం నుంచి ఒక పెద్ద అధికారి ఎల్లారెడ్డికి వస్తున్నాడని తెలిసింది. వెట్టి మాన్పించాలని పెట్టుకున్న మా సంఘంవాళ్లం ఎన్నో అర్జీలు పెట్టగా పెట్టగా దొరికిన విచారణ. వెట్టి చేసేవాళ్లే వచ్చి స్వయంగా చెప్పాలి. ఎవరూ చెప్పకపోతే ఫిర్యాదు లేదని రాసుకుని పోతాడు, ఇక పదేళ్లు ఎవరూ ఆ మాట ఎత్తరు. మేం నలుగురం ఊళ్లన్నీ తిరిగాం. ప్రతి గుడిసె ముందూ నిలబడి అడిగాం.

"ఏం బాధలున్నయి, చెప్పండి."

"ఏం లేవు పంతులూ. మంచిగనే ఉన్నం."

మెడ వంకరపోయినవాడు మంచిగనే ఉన్నానన్నాడు. పటేలు ఇంట్లో వడ్లు దంచి దంచి భుజం ఎత్తలేని రామవ్వ కూడా "నాకేంది, రాయి తీర్గ ఉన్న" అన్నది. పదిహేను రోజులు తిరిగితే మా పుస్తకంలో పడింది దుమ్మే.

విచారణ రోజు బంగళా ముందు రెండు వందల మంది కూర్చున్నారు. అధికారి కుర్చీ పక్కనే గిర్దావరు నిలబడ్డాడు, మునుపటికంటే లావయ్యాడు. ఆయన ముఖంలో దిగులు లేదు. ఈ జనం సంగతి ఆయనకు తెలుసు.

"ఎవరికన్న ఏమన్న తక్లీఫ్ ఉన్నదా?" అని అధికారి అడిగాడు.

 గుమస్తా కలం సిరాలో ముంచి పట్టుకున్నాడు. అధికారి రెండోసారి అడిగి, మూడోసారి అడగడానికి ముందు గడియారం చూసుకున్నాడు. అప్పుడు వెనక వరుసలో మైసన్న లేచి తలగుడ్డ విప్పాడు.

నేను కళ్లు మూసుకున్నాను. అంతా అయిపోయిందనుకున్నాను. వెట్టి మీద విచారణ పంటి మీదికి పోతుంది, పట్నం అధికారి నవ్వుకుంటూ రైలెక్కుతాడు.

"గిర్దావరు సాబుకు పన్ను నొప్పి లేచింది సాబ్" అని మొదలుపెట్టాడు మైసన్న.

గిర్దావరు ముందుకు వచ్చాడు. "హుజూర్, వీడు పిచ్చోడు. అప్పుడే అడిగిన, నొయ్యలేదన్నడు. అంగట్ల అందరు విన్నరు."

"అప్పుడు తమరు అడిగిన్రు దొరా. ఇప్పుడు ఈ సాబు అడుగుతున్నడు" అన్నాడు మైసన్న.

అధికారి గడియారం జేబులో పెట్టుకున్నాడు. "చెప్పు" అన్నాడు.

పాపం, ఆయనకు మన మైసన్న సంగతి తెలియదు. గుమస్తా ఒక కాగితం నింపాడు, రెండోది నింపాడు. మూడో దినం వచ్చేసరికి మైసన్న నడుచుకుంటూ ముందుకు పోయి, చోటు చూపించాలి గనక, వేలు ఎత్తాడు. జవాన్లు ఆపబోయేలోపు అధికారి తనంతట తానే దవడ మీద చెయ్యి వేసుకుని "ఇక్కడనా?" అన్నాడు. "ఇంకింత వెనుకకు సాబ్" అన్నాడు మైసన్న. హైదరాబాదు రాజ్యంలో వెట్టివాడు చెప్పిన చోటికి వేలు జరిపిన అధికారిని నేను అప్పుడే చూశాను. వాపు వచ్చింది, అంబలి కారింది, స్వామిదాసు చిమ్టా వచ్చింది. అక్కడితో అయిపోతుందని నేను లేవబోయాను.

మైసన్న అధికారి వైపు నుంచి జనం వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు. పొయ్యి దగ్గర కూర్చుని అడిగినట్టు అడిగాడు:

"నాది ఒడిసింది. రామవ్వా, నీకేడ నొస్తది?"

రామవ్వ లేచింది. "నాకు ఈ రెక్క నొస్తది మైసన్నా" అని చెప్పి, అధికారికి కూడా భుజం చూపించింది. ఎవరింట్లో దంచితే నొచ్చిందో, ఎన్నేళ్లుగా దంచుతున్నదో చెప్పింది. "దేవన్నా, నీకు?" దేవన్న మెడ చూపించాడు. "సాలవ్వా?" ఆమె పురిటి తర్వాత ఎన్నో రోజున మూటకు పిలిచారో చెప్పింది. మైసన్న ఎవరి దగ్గరా తడుముకోలేదు. ఎవరికి ఎక్కడ నొస్తుందో ఆయనకు ముందే తెలుసు. అడుగుతూ పోయాడు, వాళ్లు లేస్తూ వచ్చారు. గుమస్తా కలం పాళీ రెండుసార్లు మార్చాడు. పొద్దు వాలేసరికి నలభై ఒక్కమంది చెప్పారు. మా పుస్తకంలో పదిహేను రోజుల్లో ఒక్కరూ ఎక్కలేదు.

తిరిగి వచ్చేటప్పుడు రామవ్వను అడిగాను. "అవ్వా, మేం అడిగితే రాయి తీర్గ ఉన్న అన్నవు. మైసన్న అడిగితే లేచి చెప్పినవు. ఏంది సంగతి?"

"మీరు నిలబడి అడుగుతిరి బిడ్డా. ఆయన కూసుండి ముందుగాల తనది చెప్తడు. ఎనిమిదేండ్ల సంది తోవెంట చెప్తనే ఉన్నడు. ఆఖరుకు నీకేడ నొస్తదని అడుగుతడు. చెప్పినోళ్లను స్వామిదాసు కాడికి తోలుకపోతడు. నువ్వు ఎప్పుడన్న ఆఖరుదాక కూసున్నవా?"

నాకు మా పెరటి తలుపు గుర్తొచ్చింది.

"ఆయన నొయ్యలేదన్నడని విని నేను గూడ ఆ లక్ష్మీరాజం ముందట కూసున్న" అని రామవ్వ మళ్లీ చెప్పింది. "నాకు గూడ గిట్లనే వాచింది. మైసన్న మా ఇంటికొచ్చి గడప ముందు కూసున్నడు. అవ్వా, నేను అబద్ధమాడిన, మస్తు నొచ్చింది, నా మాట మీద నువ్వు మోసపోయినవ్ అన్నడు. ఇగ కనవడ్డోళ్లందరికి చెప్త, ఒక్కల్ని ఇడువ అన్నడు. ఇడిచిండా మరి?"

విడవలేదని నాకంటే బాగా ఎవరికి తెలుసు.

గుమస్తా రాసుకుపోయిన ఆ కాగితాల పుణ్యమా అని ఆ గిర్దావరు ఇప్పుడు ఎల్లారెడ్డిలో లేడు. కామారెడ్డి టేషన్లో దిగిన అధికారులు పెట్టెలకు బండి మాట్లాడుకుంటున్నారు, మా తోవ మీద వెట్టి మూట కనబడి ఏడాదైంది. లక్ష్మీరాజం పట్కారును వేడినీళ్లలో వేయనిదే ఎవరి నోట్లోనూ పెట్టడం లేదు. మైసన్న ప్రతి అంగట్లో పక్కనే కూర్చుని చూస్తుంటే వేయక ఏం చేస్తాడు? వచ్చినవాళ్లకు పన్ను పీకకముందే మైసన్న మూడో దినం సంగతి మొదలుపెడతాడు. సగం మంది లేచి దవఖానకు పోతున్నారని లక్ష్మీరాజం మొత్తుకుంటున్నాడు. నేను బడి పిల్లల్ని కూడా తీసుకుపోయి ఆయనను చూపిస్తుంటాను. ఇంతకంటే గొప్పవాణ్ణి మా తాలూకాలో చూపించమంటే నేను చూపించలేను.

అయితే వెట్టి మా ఒక్క తోవ మీదనే తగ్గింది. జుక్కల్, మద్నూర్, బిచ్కుంద వైపు ఇంకా యథాప్రకారం నడుస్తోంది. వచ్చే నెల ఆ వైపూ విచారణ ఉంటుందని చెబుతున్నారు. చదువు వచ్చిన మీరు ఒక పని చేయాలి. కాగితం, కలం పట్టుకుని మీ ఊరి వెట్టివాళ్ల ఇళ్లకు పోండి. నిలబడి అడగకండి, కూర్చోండి. మీకెక్కడ నొస్తుందో ముందు మీరు చెప్పండి. "మంచిగనే ఉన్నం" అంటే లేచి రాకండి, రేపు మళ్లీ పోండి. వాళ్లు చెప్పడం మొదలుపెడితే పన్ను సంగతైనా, గోటి సంగతైనా చిన్నదని కొట్టేయకుండా వాళ్ల మాటల్లోనే రాయండి, వేలిముద్ర వేయించండి, విచారణ రోజున వాళ్ల పక్కన వెళ్లి కూర్చోండి. ఎట్లా మొదలుపెట్టాలో తెలియకపోతే కామారెడ్డి వచ్చి మైసన్నను అడగండి. ఆయన చెబుతాడు. అన్నం తిని రండి.